గూడు దయా, హక్కా? – బెళుగుప్ప వైపు నుంచి ఒక చారిత్రక పరిశీలన

ఇల్లు లేనివారి కోసం ప్రభుత్వాలు చేపట్టే విధానాల్లో అంతర్జాతీయ సహకారం అనగానే జెనీవాలోనో న్యూయార్కులోనో జరిగే సభలూ తీర్మానాలూ గుర్తుకొస్తాయి. అనంతపురం జిల్లాలో కన్నడ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బెళుగుప్ప లాంటి కరువు మెట్టకూ ఆ సభలకూ ఏమిటి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఉంది. అది నిన్న మొన్నటిది కూడా కాదు. ఈ ప్రాంతపు పేదవాడి ఆకలి పేరా, కూలిన కప్పు పేరా పరాయి దేశాల్లో చందాలు పోగైన సంవత్సరం 1877. నూట యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న ఆ చరిత్రను ఒక క్రమంలో పెట్టి చూడటమే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

ఈ విషయం మీద మన మధ్య రెండు తయారు సమాధానాలు చలామణీలో ఉన్నాయి. బయటి నుంచి వచ్చే ప్రతి పైసా వెనకా స్వార్థం ఉంటుందని ఒకటి. ఇచ్చినవాడు దేవుడు, మనం చెయ్యాల్సింది దండం పెట్టడమేనని రెండోది. మొదటిది వింటే మనం చాలా చైతన్యవంతులమనిపిస్తుంది. రెండోది వింటే చాలా కృతజ్ఞులమనిపిస్తుంది. చరిత్రను పరిశీలించే శ్రమ మాత్రం రెండూ తప్పిస్తాయి. నా మటుకు నేను ప్రతి సందర్భంలోనూ మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇల్లు కట్టాలన్న నిర్ణయంలో అందులో ఉండబోయే మనిషికి పాలు ఉందా? కాగితం ఎవరి పేర ఉంది? వద్దనడానికీ, ఇంకా కావాలనడానికీ ఆ మనిషికి వీలుందా? ఇచ్చిన చెయ్యి ఏ దేశానిదన్న ప్రశ్న వీటి తరవాతే వస్తుంది.

1. ధాత కరువు, లండను చందా

1876–78 నాటి మహాక్షామాన్ని మన పెద్దలు ధాత కరువన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో విడదీసేదాకా ఈ ప్రాంతమంతా బళ్లారి జిల్లాలో భాగం. 1871, 1881 జనాభా లెక్కల నడుమ ఆ జిల్లా జనంలో సుమారు అయిదో వంతు తగ్గిపోయింది. చచ్చినవారు చావగా, మిగిలినవారు ఊళ్లు విడిచి రోడ్ల మీదికి, సర్కారు పనుల దగ్గరికి, గంజి పోసే శిబిరాల దగ్గరికి చేరారు.

కరువులో ఇల్లు ఎలా పోతుందో గమనించాలి. తుపానులో లాగా ఒక్క రాత్రిలో పోదు. ముందు కప్పు మీది గడ్డి పశువుల నోటికి పోతుంది. తరవాత తలుపు, ఆ తరవాత దూలం, దంతెలు కలప కింద అమ్ముడుపోతాయి. ఆఖరికి నాలుగు మట్టిగోడలు మిగులుతాయి. మరుసటి ఏడు వాన వస్తే, ఎదురుచూసిన ఆ వానకే ఆ గోడలు కరిగిపోతాయి. అంటే కరువు మెట్టలో ఇల్లు పోవడం ఒక ప్రమాదం కాదు. తిండి లేకపోవడంలో అది చివరి మెట్టు.

1877 ఆగస్టు 4న మద్రాసులో గవర్నరు బకింగ్‌హాం డ్యూకు అధ్యక్షతన సభ జరిగింది. సహాయం కోసం లండను లార్డు మేయరుకు విజ్ఞప్తి వెళ్లింది. మాన్షన్ హౌస్ నిధి పేర బ్రిటన్ నుంచీ, ఆస్ట్రేలియా మొదలైన వలసరాజ్యాల నుంచీ లక్షలాది పౌండ్లు పోగయ్యాయి. మద్రాసు సహాయక సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ ఆ చరిత్రనంతా 1878లోనే రెండు సంపుటాలుగా రాశాడు. ప్రాణం నిలపడం సర్కారు పని, బతికినవాణ్ణి మళ్లీ బతుకులో నిలబెట్టడం చందా పని అని ఒక విభజన జరిగింది. విత్తనాలు, ఎద్దులు, బట్టలు, ఇళ్ల మరమ్మతు ఈ చందా ఖాతాలోకి వచ్చాయి. పైకప్పు లేనివాడికి గింజలిస్తే చాలదనీ, ఎద్దు లేనివాడికి ఇల్లిస్తే చాలదనీ ఆనాటి సంఘం గుర్తించిందంటే చిన్న విషయం కాదు. ఆ తరవాత వచ్చిన మన పథకాలు చాలా కాలం ఆ రెంటినీ విడదీసే చూశాయి.

కాని రెండో వైపు కూడా చూడాలి. అదే ఏడు సర్ రిచర్డ్ టెంపుల్ సలహా మీద సహాయ పనుల్లో కూలి తగ్గించారు. రోజంతా రాళ్లు కొట్టిన మనిషికి ఒక పౌను ధాన్యం, మీద కొద్ది చిల్లర. మనిషి నిలబడటానికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. దేశంలో జనం రాలిపోతున్న ఆ రోజుల్లోనే ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి సాగింది. అంటే ఒక చేత్తో గింజలు తీసుకుపోయిన దేశం నుంచే రెండో చేతి మీదుగా కప్పు మరమ్మతుకు చందా వచ్చింది. చందా వేసిన లాంకషైరు నేత కూలీ మనసును నేను శంకించను. అతనికి ఈ లెక్క తెలియదు. లెక్క తెలిసినవారు నోరు విప్పలేదు. నా మూడు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు లేదు. ఇల్లు పోయిన రైతును ఎవరూ ఏమీ అడగలేదు.

2. గోడలే గాని గూడు కాదు

రెండో ఘట్టం ఇంకా చేదైనది. రాయలసీమ మెట్టల మీద ఎరుకలవారు, కొరచవారు గాడిదల మీదా, ఎద్దుల మీదా సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి, లోపలి ఊళ్లలో గింజలకు మార్చేవారు. వారికి స్థిరమైన ఇల్లు లేదు, అవసరమూ లేదు. దారే వారి ఊరు. 1870ల నాటికి రైలు బళ్లు గుంతకల్లు, బళ్లారి దాకా వచ్చాయి. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. వృత్తి పోయింది. వృత్తి పోయిన సంచారి సర్కారు కంటికి దొంగ అయ్యాడు. నేరస్థ జాతుల చట్టం 1871లో పుట్టి, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది.

ఇక్కడే అంతర్జాతీయ సహకారం రెండో రూపం ఎత్తింది. ‘ఇల్లూ వాకిలీ లేని’ ఈ జాతులను స్థిరపరిచి సంస్కరించే పనిని సర్కారు విదేశీ సేవా సంస్థలకు అప్పగించింది. లండనులో పుట్టిన సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను సెటిల్మెంటు నడిపింది. వాటిలో ఇళ్లున్నాయి, బడులున్నాయి, వైద్యముంది. స్టూవర్టుపురం వారికి చీరాల పొగాకు కంపెనీలో కూలి కూడా దొరికింది. పైపైన చూస్తే నేటి భాషలో దీన్ని సమగ్ర పునరావాసమనే అంటారు.

లేనిదల్లా ఒక్కటే. తలుపు తీసుకొని బయటికి వెళ్లే స్వేచ్ఛ లేదు. హాజరు వెయ్యాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి, రాత్రి ఇంట్లో కనిపించకపోతే నేరం. మనిషికి ఇల్లు నీడ కావాలి. ఇక్కడ ఇల్లు కాపలా అయింది. 1952లో ఆ చట్టం రద్దయినా దాని ముద్ర ఆ పల్లె పేరు మీద ఎన్నేళ్లు మిగిలిందో తెలుగు సినిమాలు చూసినవారికి చెప్పనక్కర లేదు. ఇళ్లు కట్టిన సంఖ్యను మాత్రమే చూసి ఒక విధానాన్ని మెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఘట్టం చెబుతుంది. నా మూడో ప్రశ్నను నేను ఇక్కడే నేర్చుకున్నాను.

3. ఒడంబడికలు, పోరంబోకులు

రెండో ప్రపంచయుద్ధం తరవాత పరిస్థితి మారింది. యూరపులో కోట్లమంది ఇళ్లు పోగొట్టుకున్నారు. ఇల్లు పోవడం సోమరితనం వల్లనో తలరాత వల్లనో జరగదని ధనిక దేశాలు అనుభవం మీద తెలుసుకున్నాయి. 1948 మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణంలో తిండి, బట్ట, వైద్యాలతో పాటు ఇల్లు కూడా చేరింది. 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 11వ అధికరణం దాన్ని ప్రభుత్వాల బాధ్యతగా మార్చింది. ఆ అధికరణంలోనే అంతర్జాతీయ సహకారం ప్రస్తావన ఉంది, అది స్వేచ్ఛగా అంగీకరించినదై ఉండాలన్న షరతుతో సహా. భారతదేశం 1979 ఏప్రిల్ 10న ఈ ఒడంబడికలో చేరింది. ఆ రోజు నుంచి బెళుగుప్ప కొట్టంలో ఉండే కూలి మనిషికి ఢిల్లీ ప్రభుత్వం మీద అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న ఒక హక్కు ఏర్పడింది. ఆ సంగతి ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు.

అదే కాలంలో మన పల్లెల్లో అంతకంటే దగ్గరి మార్పులు వచ్చాయి. గుడిసె కంటే ముందు గుడిసె కింది జాగా సమస్య. భూమి లేని మాల మాదిగలు, బోయలు, చాకలి మంగలి కులాలవారు చాలాచోట్ల ఏ రైతు పొలం అంచునో, పోరంబోకులోనో కొట్టం వేసుకొనేవారు. కొట్టం కట్టిన బోదగడ్డి తనది, నిలబెట్టిన గుంజ తనది, కింద నేల మాత్రం దొరది. అందుచేత కూలి ఎక్కువడిగితే జవాబు మాటల్లో రాదు, కొట్టం పీకెయ్యమని వస్తుంది. ఇంటిజాగా లేకపోవడమే జీతగాణ్ణి కట్టేసిన మొదటి తాడు, అప్పు రెండోది.

1971లో కేంద్రం భూమిలేని గ్రామీణ కూలీలకు ఇంటిస్థలాలిచ్చే పథకం మొదలుపెట్టింది. 1975లో ఇరవై సూత్రాలలో అది చేరింది. 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఉన్న ఇంటిజాగా మీద అందులో కాపురమున్నవారికే యాజమాన్యమిచ్చే చట్టం చేసింది. వెట్టిచాకిరి రద్దు చట్టం కూడా ఆ ఏడాదిదే. ఎమర్జెన్సీ నాటి చట్టాలు కదా అని వీటిని తోసిపుచ్చలేం. అవి కాగితం మీద ఉన్నంత బలంగా ఊళ్లో లేవన్నది నిజం. పట్టా చేతికొచ్చినా హద్దురాయి పడని జాగాలున్నాయి. వాగు ఒడ్డున, గుట్ట వాలున, సేద్యానికి పనికిరాని చౌడులో చూపించిన జాగాలున్నాయి. అయినా జాగా కాగితం చేతికొచ్చిన మనిషి కూలి బేరం ఆడగలిగాడు. ఈ వైపు పల్లెల్లో వయసు మళ్లినవారిని కదిలిస్తే, పక్కా ఇల్లు వచ్చిన ఏడాది కంటే పట్టా వచ్చిన ఏడాదినే ఎక్కువగా గుర్తుచేసుకోవడం నేను గమనించాను.

4. బార్సిలోనా నుంచి అనంతపురానికి

1969లో ఈ జిల్లాకు ఒక బహిష్కృతుడు వచ్చాడు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ మిషనరీగా 1952లో భారతదేశానికి చేరి, మహారాష్ట్రలోని మన్మాడులో రైతుల చేత బావులు తవ్వించే పనిలో పడ్డాడు. అక్కడి పెద్దలకది కంటగింపైంది. 1968లో దేశం విడిచిపొమ్మని ఉత్తర్వు వచ్చింది. వేలాది రైతులు అతని కోసం నడిచారు. తిరిగి రావడానికి ఇందిరాగాంధీ ప్రభుత్వం ఒప్పుకున్నాక ఆశ్రయమిచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, స్థిరపడిన ఊరు అనంతపురం. తరవాత అతను మతసంస్థను వదిలాడు. ఇంగ్లండులో పుట్టిన అన్నే పెర్రీని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి పెంచిన సంస్థే గ్రామీణాభివృద్ధి ట్రస్టు, జనం నోట ఆర్‌.డి.టి. 2009లో చనిపోయేదాకా అతని కార్యస్థలం ఈ జిల్లాయే.

ఈ సంస్థ బడులు, ఆసుపత్రులు, చెరువులు, చెట్లతో పాటు దళిత, గిరిజన, వెనకబడిన కుటుంబాలకు వేల సంఖ్యలో ఇళ్లు కట్టింది. డబ్బులో ఎక్కువ భాగం స్పెయినులోని మామూలు ఉద్యోగులు, దుకాణదారులు, పింఛనుదారులు నెలనెలా పంపినది. ఆ పని కోసమే 1996లో బార్సిలోనాలో ఫెర్రర్ పేరిట ఒక ఫౌండేషను ఏర్పడింది. ఇందులో నన్ను ఆలోచింపజేసే అంశాలు రెండు. మొదటిది, ఇల్లు ఆడమనిషి పేర ఉండటం. తాగి వచ్చిన మగడు ‘నా ఇంట్లోంచి పో’ అనే మాటకు ఆ కాగితం అడ్డుపడింది. రెండోది, కప్పు గట్టితనం. వానకు కారే కొట్టంలో ఎలుకలూ తేళ్లూ దులుపుకుంటూ బతికిన వీధిలో, ఊరి పెద్ద మిద్దెకు తీసిపోని సిమెంటు కప్పు లేవడం వట్టి సౌకర్యం కాదు. అది చూసి ఊరు ఊరుకోలేదు కూడా. ఎన్నో తరాలుగా తల వంచుకొని వెళ్లే మనిషి మిద్దె మీద నిలబడి కిందికి చూడటం ఊరి కంటికి కొత్త.

నేను ఈ వైపు పల్లెల్లో తిరిగినప్పుడు ఒక తేడా గమనించాను. సర్కారు కట్టించినదాన్ని జనం ‘కాలనీ ఇల్లు’ అంటారు, సంస్థ కట్టించినదాన్ని సంస్థ పేరుతోనే పిలుస్తారు. ఏ ఇంటినీ ముందుగా ‘మా ఇల్లు’ అనడం తక్కువ. మాటల్లోని ఈ అలవాటు చిన్నదే. కాని దయకూ హక్కుకూ మధ్య గీత అక్కడే ఉంది. ఆ సంస్థ మంచితనాన్ని నేను ఇక్కడ తక్కువ చెయ్యడం లేదు. ప్రభుత్వం వెయ్యాల్సిన దూలం మరొకరు వేసినప్పుడు, ప్రభుత్వాన్ని అడగాల్సిన గొంతు మెత్తబడుతుందా లేదా అన్నదే నా ప్రశ్న. అనంతపురం అనుభవంలో దీనికి రెండు రకాల జవాబులూ ఉన్నాయి. సంఘాలుగా కూడి, చదువుకొని, ఆఫీసుల ముందు నిలబడి మాట్లాడగలిగిన తరం వచ్చింది. ‘వాళ్లు చూసుకుంటారులే’ అని తప్పుకున్న అధికారులూ ఉన్నారు.

5. శ్రీలంక ఆలోచన, మన ఆచరణ

నిరాశ్రయుల సమస్య ప్రపంచ సభల ముందు పూర్తి స్థాయిలో నిలబడింది పొరుగు దేశం చొరవతోనే. 1976లో వాంకూవరులో మొదటి ఆవాసాల మహాసభ జరిగింది. 1980లో శ్రీలంక ప్రధాని ప్రేమదాస నిరాశ్రయుల కోసం ఒక అంతర్జాతీయ సంవత్సరం కావాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించాడు. 1982లో తీర్మానమైంది, 1987ను ఆ సంవత్సరంగా జరిపారు. ధనిక దేశం బోధించగా పేద దేశం విన్న కథ కాదిది. సర్కారే కట్టించిన లక్ష ఇళ్ల పథకం అనుభవంతో శ్రీలంక 1984లో పదిలక్షల ఇళ్ల కార్యక్రమానికి వెళ్లింది. సర్కారు కట్టించడం తగ్గించి, చిన్న అప్పూ, జాగా, సలహా ఇచ్చి, ఇల్లు ఎలా ఉండాలో కాపురముండేవారికే వదిలిన పద్ధతి అది.

మన దేశంలో ఆ కాలంలోనే మూడు పనులు జరిగాయి. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. అదే ఏడు బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో, బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది, చివరకు తొలగింపులను మాత్రం ఆపలేదు. 1986లో ఇంటి హక్కుల కోసం జాతీయ ప్రచారోద్యమం పుట్టి, ఇల్లు ప్రాథమిక హక్కు కావాలని చట్టం ముసాయిదా రాసింది. వీటిలో పథకం నిలిచింది, తీర్పు సగం నిలిచింది, ముసాయిదా ముసాయిదాగానే మిగిలింది. ఇదే నేను చెప్పదలచిన విషయానికి కేంద్రం. మన ప్రభుత్వాలు అంతర్జాతీయ వేదికల నుంచి ఇళ్ల సంఖ్యను తెచ్చుకున్నాయి, హక్కును అక్కడే వదిలి వచ్చాయి.

సంఖ్య విషయంలోనూ కథ తెలిసిందే. మైదాన ప్రాంతంలో ఇందిరా ఆవాస్ ఇంటికి 2008లో 35 వేలు, 2010లో 45 వేలు, 2013లో 70 వేలు ఇచ్చారు. 2016లో పథకం పేరు ప్రధానమంత్రి పేర మారి, మొత్తం 1 లక్షా 20 వేలయింది. ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి అంతకంటే ముందే నడిచాయి. మిగతాది అప్పు. ఇల్లు పూర్తిచెయ్యడానికి చేసిన అప్పు తీర్చడానికి ఇల్లు విడిచి పోవాల్సి రావడం ఈ మెట్ట ప్రాంతపు విచిత్రం.

6. తాళం వేసిన ఇళ్లు

ఇక్కడ సమస్య మరో మలుపు తిరుగుతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ అదను తప్పితే చెనిక్కాయ పంట పోయినట్టే. పదునుకు విత్తి, ఊడకు వాన లేక, బోరు మీద బోరు వేసి ఎండిన కుటుంబం సుగ్గికి పోతుంది, లేదా బెంగళూరు పోతుంది. బెళుగుప్పలో పట్టా ఉన్న, కప్పు ఉన్న, కరెంటు మీటరున్న మనిషి బెంగళూరులో తాను కడుతున్న అపార్ట్‌మెంటు పక్కనే నీలం పట్టా కింద పడుకుంటాడు. మన లెక్కల ప్రకారం అతను ఇల్లున్నవాడు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లులేనివారు 17 లక్షల 73 వేల మంది. రోడ్డు పక్కన, తూముల్లో, మెట్ల కింద, గుళ్లలో, ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవారిని లెక్కించిన సంఖ్య అది. 2019లో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పిలిచిన నిపుణుల సమావేశం దీనికంటే విశాలమైన నిర్వచనం సూచించింది. నివాసయోగ్యమైన చోటు, అక్కడి నుంచి ఎవరూ వెళ్లగొట్టలేరన్న భరోసా, నలుగురితో కలిసి బతికే వీలు, భద్రత – ఇవి లేని మనిషి నిరాశ్రయుడే అంది. ఆ కొలతతో కొలిస్తే బెంగళూరు పట్టాల కింద ఉన్న మన జనం లెక్కలోకి వస్తారు. నిర్వచనం మారడం పండితుల పని అనుకోరాదు. లెక్కలోకి రానివాడికి విధానం కూడా రాదు.

ఎంగెల్స్ 1872లో లైప్జిగ్ పత్రికలో రాసిన వ్యాసాల్లో ఇళ్ల సమస్య గురించి ఒక మాట తేల్చాడు. ఉన్న వ్యవస్థ ఆ సమస్యను పరిష్కరించదు, ఒక చోటు నుంచి తీసి మరో చోట పెడుతుంది. ఆయన చూసింది పారిస్ వంటి నగరాల పేటలు. బెళుగుప్ప నుంచి బెంగళూరుకు పోయే బస్సులో కూర్చుంటే ఆ మాటకు కొత్త ఉదాహరణ దొరుకుతుంది. పల్లెలో కప్పులేనితనాన్ని తీర్చాం, అది నగరానికి జరిగింది.

అందుకే సహకారం అంటే నకలు తీసుకోవడం కాదు. ఫిన్లండు 2008 నుంచి ‘ముందు ఇల్లు’ అనే విధానం అమలు చేసి, దీర్ఘకాలంగా వీధుల్లో ఉన్నవారి సంఖ్యను బాగా తగ్గించింది. తాగుడు మానితేనో, ఉద్యోగం చూపిస్తేనో ఇల్లిస్తామనే షరతులు తీసేసి, ముందు తాళంచెవి చేతిలో పెట్టడం అందులో కీలకం. 2021 జూన్‌లో లిస్బను ప్రకటన ద్వారా ఐరోపా సమాజంలోని 27 దేశాలూ కలిసి పనిచెయ్యడానికి ఒప్పుకున్నాయి. ఇందులో మనం నేర్చుకోవాల్సింది షరతులు లేకపోవడాన్ని. కాని అక్కడ ఇల్లు లేనివాడికి కూడా ప్రభుత్వ భృతి ఉంటుంది. ఇక్కడ ఇల్లున్నవాడికే ఏడాదిలో సగం కాలం పని లేదు. హెల్సింకీలో తాళంచెవి సమస్యను తీరుస్తుంది, బెళుగుప్పలో తాళంచెవి నడుముకు కట్టుకొని మనిషి ఊరు విడుస్తాడు.

ఈ జిల్లాలోనే దానికి జవాబు వెతికే ప్రయత్నమూ జరిగింది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. పని అడగడం హక్కు అయిన చోట ఇల్లు నిలుస్తుందన్న సత్యం అందులో ఉంది. 2012లో హంద్రీ–నీవా నీళ్లు బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయానికి చేరాయి. నీళ్లు చేరడం వేరు, చిన్న రైతు చేనికి చేరడం వేరు. అయినా నా దృష్టిలో ఈ రెండూ గృహనిర్మాణ విధానాలే. ఆ శాఖ లెక్కల్లో మాత్రం అవి లేవు. మన సీమ కథల్లో బావి ఉంది, ఎద్దు ఉంది, కూలి ఉంది, వలస ఉంది. ఇల్లు చాలా కథల్లో వెనక తెర మాత్రమే. తాళం వేసిన ఇంటిని, అందులో మిగిలిపోయిన ముసలమ్మను, మీటరుకు వచ్చే కరెంటు బిల్లును కథావస్తువుగా తీసుకోవాల్సిన అవసరం మన రచయితలకు ఉంది.

7. సంతకంతో ఆగేది, ఆగనిది

2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం 30 లక్షలకు పైగా ఇంటిస్థలాల పట్టాల పంపిణీ మొదలుపెట్టింది, ఆడవారి పేరనే. పల్లెలో ఒకటిన్నర సెంటు, పట్టణంలో సెంటు. ఒకటిన్నర సెంటంటే సుమారు 72 గజాలు. అందులో మనిషి పడుకోవచ్చు. జత ఎద్దులకు, నాలుగు గొర్రెలకు, గడ్డివామికి చోటుండదు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్టణంలో రెండు సెంట్లు ఇస్తామంది. సెంట్ల వేలంపాటలో అడగనిది ఒక్కటే. ఎంత జాగా కావాలో ఊళ్లో ఉండేవారిని ఎవరు అడిగారు?

ప్రపంచ వేదిక మీద కూడా ఇదే కాలంలో కదలిక వచ్చింది. 2020లో ఐక్యరాజ్యసమితి సామాజికాభివృద్ధి సంఘం నిరాశ్రయుల సమస్యనే ముఖ్యాంశంగా తీసుకుంది. 2021 డిసెంబరులో సర్వప్రతినిధి సభ దాని మీద తీర్మానం చేసింది. కోవిడ్ కాలంలో ‘ఇంట్లోనే ఉండండి’ అన్న ఆజ్ఞ ఇల్లు లేనివాడికి ఎలా వినిపించిందో ప్రపంచం అప్పుడే చూసింది. బెంగళూరు, హైదరాబాదు నుంచి మూటలు నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చినవారిని మనమూ చూశాం.

2025లో ఈ చరిత్రకు ఒక పరీక్ష వచ్చింది. విదేశీ విరాళాల మీద నియంత్రణ చట్టం 1976లో పుట్టింది, 2010లో కొత్తగా వచ్చింది, 2020లో మరింత బిగిసింది. దాని కింద ఆర్‌.డి.టి. అనుమతి పునరుద్ధరణకు ఆటంకం ఏర్పడితే అనంతపురం జిల్లాలో జనం వీధుల్లోకి వచ్చారు. పార్టీల తేడా లేకుండా నాయకులు ఢిల్లీని అడగాల్సి వచ్చింది. చట్టం మంచిచెడ్డల చర్చ వేరు. నాకు ఇందులో కనిపించేది మరొకటి. సగం శతాబ్దం పాటు వేల కుటుంబాలకు నీడ, మందు, చదువు అందించిన ఏర్పాటు ఒక సంతకం మీద ఆధారపడి ఉందని ఆ ఏడు తేలింది. దయ ఎంత గొప్పదైనా దాని కాళ్లు ఇచ్చేవాడి ఇంట్లో ఉంటాయి, దారి మధ్యలో ఎవరైనా ఆపగలరు. హక్కు కాళ్లు అడిగేవాడి ఇంట్లో ఉంటాయి.

అలాగని బయటి సాయం వద్దనడం నా ఉద్దేశం కాదు. స్పెయినులో ఒక పింఛనుదారు పంపిన యూరో, బెళుగుప్పలో ఒక ఆడమనిషి పేర కాగితంగా మారితే అది శ్రమజీవుల మధ్య సంబంధమే, సందేహం లేదు. కాని ఆ సంబంధం ఇంటికప్పు దగ్గర ఆగిపోరాదు. 1877 చందా ఎద్దును గుర్తించింది, మనిషిని అడగలేదు. 1913 సెటిల్మెంటు మనిషికి గోడలిచ్చి కాళ్లు కట్టేసింది. 1966 ఒడంబడిక హక్కు ఇచ్చింది, ఆ మాట ఊరికి చేరలేదు. 1969 తరవాత ఊరికి చేరిన సాయం ఇల్లిచ్చింది, దాన్ని హక్కుగా మార్చే పని మనకు వదిలింది. ఈ నాలుగింటిలో నిజమైన పాఠం నాలుగోదాని చివరే ఉంది.

ఆ పని మొదలుపెట్టడానికి కొత్త సభలు అవసరం లేదు. 1979లో మన దేశం ఒప్పుకున్న ఆ 11వ అధికరణాన్ని తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపించాలి. ఇంటిస్థలం ఎంతో, ఎక్కడో ఆ సభే తేల్చాలి. వలసపోయిన కుటుంబాన్ని పోయిన చోట కూడా ఇల్లు లేనివారి లెక్కలో చేర్చమని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాలి. ఇంటి బడ్జెట్టునూ, నీటి బడ్జెట్టునూ, కూలి బడ్జెట్టునూ ఒకే కాగితం మీద పెట్టి చూపమని కలెక్టరును నిలదియ్యాలి. అప్పుడు బయటి నుంచి వచ్చే సాయం ఈ డిమాండ్ల వెనక బలంగా నిలబడుతుంది, వాటికి బదులుగా కాదు. బెళుగుప్ప మనిషి తన మిద్దెను ఎవరి పేరుతోనూ కాక ‘మా ఇల్లు’ అని పిలిచి, ఏడాది పొడుగునా అందులోనే పొయ్యి వెలిగించుకోగలిగిన నాడు ఈ సహకారానికి అర్థం వచ్చినట్టు.